రాసి ఉంచితే చాలదు, దొరకాలి కూడా



ఈ వారం ఎజ్రా గ్రంథం 5, 6 అధ్యాయాలు తెరిచి ఒకసారి నెమ్మదిగా చదవండి. చెర నుండి తిరిగివచ్చిన యూదులు యెరూషలేములో మందిరం కడుతున్నారు. అధికారి తత్తెనై వచ్చి, ఈ పనికి మీకు సెలవిచ్చింది ఎవరని అడిగాడు. కోరెషు రాజు సెలవిచ్చాడని పెద్దలు జవాబు చెప్పారు. చెప్పారే గాని, చూపించడానికి వాళ్ళ చేతిలో ఏమీ లేదు. సంగతి దర్యావేషు రాజు దాకా వెళ్ళింది. ఆయన వెదకమని ఆజ్ఞాపించాడు. బబులోనులో దస్తావేజులు దాచే చోట వెదికారు. ఆ గ్రంథపు చుట్ట చివరికి దొరికింది మాత్రం దూరాన మాదీయుల దేశంలో, ఎక్బతానా కోటలో. అందులో కోరెషు ఆజ్ఞ ఉంది. మందిరం ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉండాలో కూడా ఉంది. ఖర్చు రాజు ఖజానా నుండి ఇవ్వాలనీ ఉంది. అలా పని ఆగకుండా సాగింది.

ఈ భాగం మీద ప్రసంగించేటప్పుడు మనం కోరెషును తలుస్తాం, దర్యావేషును తలుస్తాం, హగ్గయి, జెకర్యా ప్రవక్తలను తలుస్తాం. ఎక్బతానాలో ఆ చుట్టను భద్రంగా పెట్టి, అడిగినప్పుడు తీసి ఇవ్వగలిగిన గుమాస్తా పేరు మాత్రం బైబిల్లో లేదు. అయినా ఆ రోజు దేవుని మందిరం పని అతని చేతి మీద ఆధారపడింది. ఆజ్ఞ రాసి ఉంది సరే. అది దొరకకపోతే రాసి ఉండీ ఏం లాభం?

రెండు నెలలుగా ఈ వచనాలు నన్ను వదలడం లేదు. దానికి కారణం చెబుతాను. ఒక వేదాంత కళాశాల లైబ్రరీ వారు తమ సంఘ చరిత్ర విభాగపు వెబ్‌సైటును కొత్తగా కట్టుకుంటున్నారు. పాత మిషన్ నివేదికలు, తెలుగు క్రైస్తవ పత్రికలు, కొన్ని సంఘాల రిజిస్టర్లు ఎంతో శ్రమపడి స్కాన్ చేసి అందులో పెట్టారు. పెట్టారు గాని, వెదికేవాళ్ళకు దొరకడం లేదు. అందుకని పరిశోధకులతో పాటు పల్లె సంఘాల కాపరులను కూడా కొందరిని పిలిచి, వాడి చూసి అభిప్రాయం చెప్పమన్నారు. వారిలో నేనూ ఒకణ్ణి. నాకు కంప్యూటర్ విద్య రాదు. అందుకే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘస్థులు ముగ్గుర్ని కూర్చోబెట్టి, ఫోన్ వాళ్ళ చేతికే ఇచ్చి, మీరు దేనికోసం వెదుకుతారో అది వెదకండి అన్నాను.

ఒకరు ఎనభై దాటిన మన అవ్వ. ఆమె తాతగారు దొరల కాలంలో బోధకుడు. ఇంకొకరు రిటైరైన టీచరు గారు, మన చుట్టుపక్కల సంఘాల చరిత్ర రాయాలని ఆయన కోరిక. మూడో వాడు డిగ్రీ చదువుతున్న తమ్ముడు, ఫోన్ వాడటంలో దిట్ట. ముగ్గురూ ఒకే గుమ్మం దగ్గర ఆగిపోయారు.

ఆ గుమ్మం ఏమిటంటే, వెబ్‌సైటు తెరవగానే ఏ మిషన్ సొసైటీ, ఏ సేకరణ, ఎన్నో పెట్టె అని అడుగుతుంది. తమ్ముడు చదివి వినిపిస్తే అవ్వ నవ్వింది. "ఏ సొసైటీయో నాకేం తెలుసు అయ్యగారూ, దొరగారి మిషను అని రాయమనండి" అంది. ఆమెకు తెలిసినవి మూడే సంగతులు. ఊరి పేరు, తాత పేరు, ఆయన పని చేసిన బడి. ఆ మూడింటిలో ఒక్కటీ పెట్టే చోటు అక్కడ లేదు.

ఇందులో లైబ్రరీ వారిని తప్పుపట్టడానికి లేదు. పాత కాగితాలను భద్రపరిచేవాళ్ళకు ఒక నియమం ఉంది. ఎవరి దగ్గర నుండి వచ్చిన కాగితాలను వారి పేరు మీదే, వారు ఉంచిన వరుసలోనే ఉంచాలి. ఒకరి పెట్టెలో ఉన్నది తీసి ఇంకొకరి పెట్టెలో కలిపితే, ఎవరు ఎవరికి ఎందుకు రాశారో తెలియకుండా పోతుంది. అది మంచి నియమం, దాన్ని చెడగొట్టకూడదు. అయితే లోపల పెట్టెల వరుస ఎలా ఉన్నా, బయట వాకిలి వేరేగా పెట్టుకోవచ్చు కదా. కాగితం ఇచ్చినవాడు మిషన్ పేరుతో వచ్చాడు. కాగితం కోసం వచ్చేవాడు ఊరి పేరుతో వస్తాడు. నేను రాసి పంపిన మొదటి మాట ఇదే. ఊరి పేరుతో తెరుచుకునే వాకిలి ఒకటి పెట్టండి.

మన తెలుగు సంఘాల విషయంలో ఇది ఇంకా అవసరం. ఎందుకంటే మన చరిత్ర ఒక్క చోట లేదు. విశాఖపట్నంలో 1805లో పని మొదలుపెట్టిన లండన్ మిషన్ కాగితాలు లండన్‌లోని సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. 1841లో బందరుకు వచ్చిన ఫాక్స్, నోబుల్ దొరలను పంపిన చర్చ్ మిషనరీ సొసైటీ కాగితాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. కాకినాడ వైపు పనిచేసిన కెనడా బాప్టిస్టుల కాగితాలకు హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్‌కు వెళ్ళాలి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు అమెరికన్ బాప్టిస్టుల కాగితాలు ఆ సంఘపు చరిత్ర సొసైటీ వారి దగ్గర, ఇప్పుడు అట్లాంటాలో ఉన్నాయి. 1842లో హయ్యర్ అయ్యగారు గుంటూరులో మొదలుపెట్టిన లూథరన్ పనికి సంబంధించినవి అమెరికాలో వేరే చోట్ల ఉన్నాయి. బబులోనులో వెదికితే ఎక్బతానాలో దొరికినట్టే ఇదీ. ఏ లైబ్రరీ అయినా మా దగ్గర లేదు అని ఊరుకోకుండా, ఈ ఊరి సంగతులు ఫలానా చోట కూడా ఉండవచ్చు అని దారి చూపిస్తే, పల్లెలో కూర్చున్నవాడికి అది ఎంతో ఉపకారం.

రెండో గుమ్మం అక్షరాలది. దొరలు మన పేర్లను తమ చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. కాకినాడ వాళ్ళ పుస్తకాల్లో కొకనాడ. మచిలీపట్నం మసూలిపటం. విజయవాడ బెజవాడ. ఏలూరు ఎల్లోర్. మనుషుల పేర్లూ అంతే. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య గారు, ఆయన భార్య నాగమ్మ గారు 1866లో బాప్తిస్మం పొందారు. మన ప్రాంతంలో వేలమందికి వాకిలి తెరిచిన దంపతులు వారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆయన పెరియా. లక్ష్మయ్య అనే పేరు లచ్చుమియా అని కనిపిస్తుంది. మన అవ్వ మనవడు ఈ రోజు ఇంగ్లీషులో లక్ష్మయ్య అని ఎలా కొడతాడో ఆ నివేదికలో అలా ఉండదు. యంత్రానికి ఈ రెండూ ఒకటే మనిషి అని తెలియదు. ఎవరో కూర్చుని ఒక పట్టిక రాయాలి. ఈ ఊరికి ఈ ఐదు రాతలూ ఒకటే, ఈ పేరుకు ఈ నాలుగు రాతలూ ఒకటే అని చెప్పాలి. అప్పుడు ఏ రాతతో వెదికినా ఒక్క చోటికే చేరతారు.

తెలుగులో కూడా ఇదే చిక్కు. పాత పత్రికల్లో బండి 'ఱ' ఉంది, అరసున్న ఉంది. వ్రాయు అని ఉంటుంది, మనం రాయు అంటాం. బాప్తిస్మము, బాప్తీస్మము, బాప్టిజం అన్నీ కనిపిస్తాయి. మన ఫోన్లలో అరసున్న ఎక్కడుందో తమ్ముడికే తెలియలేదు, ఇక అవ్వకు ఏం తెలుస్తుంది? అక్షరం తేడా ఉన్నంత మాత్రాన దొరకదు అనకుండా, దగ్గరగా ఉన్నవాటిని కూడా చూపించమని రాశాను.

మూడో గుమ్మం జిల్లాది. టీచరు గారు ప్రకాశం జిల్లా అని ఎంచుకుని 1866 నుండి 1878 వరకు వెదికారు. ఏమీ రాలేదు. రాదు కూడా. ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లాకు మారింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో కందుకూరు ప్రాంతం మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిసింది. ఊరు కదలలేదు, గీతలు కదిలాయి. కాబట్టి జిల్లా పేరు చూసి ఊరిని వెదికే పద్ధతి మన దగ్గర నిలవదు. ఊరిని గుర్తుగా పెట్టుకుని, అది ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో పక్కన రాసి పెట్టాలి.

నాలుగోది అన్నిటికంటే బాధపెట్టేది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు, ఆరుగురు, వంతులవారీగా ఇద్దరిద్దరు. ఆ వెబ్‌సైటులో క్లౌ దొరగారి పేరు కొడితే పేజీలకు పేజీలు వచ్చాయి. ఆ బోధకుల పేర్లు కొడితే ఏమీ రాలేదు. పాత నివేదికల్లో మనవాళ్ళు చాలాచోట్ల పేరు లేకుండానే ఉంటారు. 'స్థానిక బోధకుడు' అని ఉంటుంది, 'బైబిల్ స్త్రీ' అని ఉంటుంది. ఎండలో ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మన అవ్వలు అలా రెండు మాటల్లో అయిపోయారు. పేరు ఎక్కడైనా ఒక్కసారి దొరికితే, ఆ పేరును ఆ ఊరి పక్కన రాసి పెట్టడం చరిత్ర లైబ్రరీ చేయగల గొప్ప న్యాయం.

అలాగే మన పెద్దలను పిలిచిన మాటలు. క్లౌ దొరగారి రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అని ఒక పుస్తకం రాశారు. మాదిగ వారి సంగతులు ప్రేమతో, ఓపికతో విని రాసిన పుస్తకం. అయితే దాని ఉపశీర్షికలో ఉన్న మాట ఈ రోజు మనం నోటితో అనం. పుస్తకం పేరు మార్చకూడదు, అది చరిత్ర. కానీ ఆ పుస్తకం ఎవరి గురించో చెప్పే చీటీ మీద, వాళ్ళు తమను తాము ఏమని చెప్పుకుంటారో ఆ పేరే ఉండాలి. మన పిల్లవాడు తన తాత చరిత్ర కోసం వెళ్ళి, తిట్టుతో వెదికితేనే దొరికే పరిస్థితి ఉండకూడదు. ఈ మాట కొంచెం గట్టిగానే రాశాను.

ఇక ఫోన్ సంగతి. ఒక నివేదిక తెరవాలంటే మొత్తం పుస్తకం దిగాలి. మన ఊళ్ళో సిగ్నల్ మీకు తెలియంది కాదు. తమ్ముడు సగం దాకా వచ్చి, ఆ రోజు డేటా అయిపోయిందని ఫోన్ పక్కన పెట్టేశాడు. కావలసిన పేజీ ఒక్కటే తెరుచుకునేలా చేయండి, పేజీ పైన తెలుగులో రెండు వాక్యాల్లో ఇందులో ఏముందో చెప్పండి అని రాశాను. హబక్కూకు 2వ అధ్యాయం 2వ వచనం గుర్తు చేసుకోండి. దర్శనాన్ని పలకల మీద స్పష్టంగా రాయమని, చదివేవాడు పరుగెత్తగలిగేలా రాయమని దేవుడు ప్రవక్తకు చెప్పాడు. దేవుడు తన మాట గొప్పగా కనబడాలని కష్టంగా రాయించలేదు. చదివేవాడి కాళ్ళను తలచుకున్నాడు. నెహెమ్యా 8లో లేవీయులు చేసిందీ అదే. ధర్మశాస్త్రాన్ని స్పష్టంగా చదివి, జనులకు అర్థమయ్యేలా వివరించారు. సులువుగా చేయడం అంటే తేలిక చేయడం కాదు ప్రియులారా. ఎదుటివాడి మీద ప్రేమ ఉన్నవాడే ఆ కష్టం తన మీద వేసుకుంటాడు.

ఆ లైబ్రరీ వారు మా మాట విన్నారు. అన్నీ ఒక్కసారి చేయలేమన్నారు గాని, మొదటి పనిగా ఊళ్ళ పట్టిక మొదలుపెట్టారు. మన టీచరు గారు యాభై మూడు ఊళ్ళ పేర్లు పాత రాతలతో సహా రాసి పంపారు. నెల తర్వాత పరీక్షకు పెట్టిన పేజీలో అవ్వ ఊరి పేరు తెలుగులో కొట్టాం. మూడు పేజీలు వచ్చాయి. రెండింట్లో ఊరి పేరు మాత్రమే ఉంది. మూడోది ఒక సంవత్సరపు నివేదికలో బడుల పట్టిక. ఊరు, ఉపాధ్యాయుని పేరు, పిల్లల సంఖ్య. ఆ వరుసలో ఆమె తాత పేరు, దొరల రాతలో, ఒక్క మాట. ఆమె అక్షరాల మీద వేలు పెట్టి చూసి, "మా తాతే అయ్యగారూ? దొరల పుస్తకంలో ఎక్కాడా?" అని రెండుసార్లు అడిగింది. అవునవ్వా అన్నాను. ఆ సాయంత్రం ఆమె ఇంటికి హైదరాబాదులోని మనవళ్ళ నుండి నాలుగు ఫోన్లు వచ్చాయట. ఆ ఇంట్లో వాళ్ళకు భూమి పత్రం లేదు, వంశవృక్షం లేదు. వాళ్ళ పూర్వీకుడు బడి నడిపాడని చెప్పే కాగితం ఈ లోకంలో అదొక్కటే. ఆ కాగితం ఎన్నో ఏళ్ళుగా ఉంది. దొరికింది ఇప్పుడు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. అన్నీ అందరికీ తెరిచి పెట్టడం ప్రేమ కాదు. రిజిస్టర్లలో బ్రతికి ఉన్నవారి సంగతులు ఉంటాయి. సంఘ క్రమశిక్షణ సంగతులు, ఇంటి గొడవలు, ఎవరు ఎప్పుడు బాప్తిస్మం పొందారన్న వివరాలు ఉంటాయి. అలాంటి వివరం బయటపడితే కొందరికి ఎంత ఇబ్బందో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. కాబట్టి పాతవి తెరవండి, దగ్గరి కాలానివి మూసి ఉంచండి, ఒక కుటుంబం తమ సంగతి తీసేయమని అడిగితే వినండి అని రాశాను. కాపరికి తెలిసినదంతా ప్రసంగ పీఠం మీద చెప్పడు. లైబ్రరీకి కూడా ఆ జాగ్రత్త కావాలి.

ఇప్పుడు మన వంతు. ఎజ్రా 2వ అధ్యాయం చివర ఒక విచారకరమైన మాట ఉంది. కొందరు యాజకుల ఇంటివారు తమ వంశావళి కోసం వెదికారు, దొరకలేదు, అందువల్ల సేవలో నుండి తప్పించబడ్డారు. యాజకులు కారని కాదు, చూపించడానికి లేక. మన సంఘపు పాత రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి. వాటికి చెదలు పట్టకముందే ఒక్కో పేజీ వెలుతురులో ఫోటో తీయాలి. ఏ పేజీ ఏ సంవత్సరానిదో ఒక పుస్తకంలో తెలుగులో రాయాలి. మీ ఇళ్ళలో పాత ఫోటోలు ఉంటే వెనక పెన్సిలుతో పేర్లు రాయండి. పెళ్ళికి ముందు పేరు, ఇంటి పేరు, బాప్తిస్మపు పేరు, ఊళ్ళో పిలిచిన పేరు, అన్నీ రాయండి. చిన్నమ్మ, పెద్దాయన అని రాయకండి, మీ తర్వాత వాళ్ళకు ఆ చిన్నమ్మ ఎవరో తెలియదు. పెద్దవాళ్ళు చెబుతుండగా పిల్లలు రాయాలి. వచ్చే నెల రెండో ఆదివారం ఆరాధన తర్వాత దీనికి కూర్చుందాం. యువకులు ఫోన్లతో రండి, అవ్వలు తాతలు జ్ఞాపకాలతో రండి.

లూకా 10లో ప్రభువు తన శిష్యులతో, మీ పేర్లు పరలోకంలో రాయబడి ఉన్నందుకు సంతోషించమన్నాడు. ఆ పుస్తకానికి చెదలు లేదు, అక్షర దోషం లేదు. పేరయ్యను ఆయన పెరియా అని పిలవడు. పేరు లేని ఆ బైబిల్ స్త్రీలందరి పేర్లూ ఆయనకు తెలుసు. అక్కడ ఎవరూ వెదకనక్కరలేదు. ఇక్కడ మాత్రం మన పిల్లలు వెదకాలి. వాళ్ళు వెదికినప్పుడు దొరికేలా పెట్టి వెళ్ళడం మన పని.

ప్రార్థించుకుందాం. తండ్రీ, మా ముందు నడిచిన వారి కోసం నీకు స్తోత్రాలు. వారి పేర్లు భద్రం చేసిన చేతులను దీవించు. లైబ్రరీల్లో మౌనంగా పనిచేసే వారిని బలపరచు. మాకు ఇచ్చిన జ్ఞాపకాలను మా పిల్లల చేతికి స్పష్టంగా అందించే ఓపిక దయచేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.

మీ కాపరి